వీపు ఒకటే, గొంతులు రెండు



నేను మాట్లాడే ముందు రెండు పక్షులు పాడతాయి. రెండూ తూర్పు హిమాలయాల్లో ఉండేవే. ఒక్కొక్క పాట పదిహేను సెకన్లు. చేతిలో పని ఉంటే కాసేపు పక్కన పెట్టి వినండి.

(మొదటి పాట)

(రెండో పాట)

విన్నారు కదా. మొదటిది కొబ్బరిచిప్పను కోరాము మీద కోరుతున్నట్టు ఉంది. గరగరలాడే గొంతు, తొందర తొందరగా సాగే పాట. స్థాయి పెద్దగా పైకీ పోదు, కిందికీ దిగదు. రెండోది అలా కాదు. గొంతు స్వచ్ఛంగా ఉంది. ఒక స్వరం మీద కాసేపు నిలుస్తుంది, అక్కణ్ణుంచి మరోదానికి వెళుతుంది. ఏది బాగుందో మీ ఇష్టం. నేనడిగేది ఒకటే. ఈ రెండూ ఒకే జాతి పిట్టల పాటలంటే నమ్ముతారా? పక్షిశాస్త్రం నమ్మింది. 1842లో మొదలుపెట్టి 2016 జనవరి దాకా నమ్ముతూనే వచ్చింది.

అన్నేళ్ళు ఎందుకు నమ్మింది, ఆ నమ్మకం ఎలా పోయింది అన్నదే ఇవాళ్టి ప్రసంగం.

ముందు త్రష్ అంటే ఎలాంటి పిట్టో చెప్పాలి. మన తూర్పు కనుమల అడవుల్లో, వాగు పక్కన వెదురు నీడలో, ఎండుటాకులు ఎగిరెగిరి పడుతున్న చోట ఆగి చూస్తే ఒక్కోసారి ఒక త్రష్ కనిపిస్తుంది. తల, రొమ్ము నారింజ రంగు, వీపు నీలి బూడిద, తెల్లటి చెంప మీద నిలువుగా రెండు నల్లచారలు. ఆరెంజ్ హెడెడ్ త్రష్ అంటారు దాన్ని. ఆకులు ముక్కుతో తిరగేసి కింద ఉన్న పురుగుల్నీ వానపాముల్నీ ఏరుకుంటుంది. మనిషి అలికిడైతే పొదలోకి దూరుతుంది. త్రష్‌ల కుటుంబం మొత్తానికీ దాదాపు ఇదే బతుకు. నేల మీద తిండి, నీడలో నివాసం, ఎత్తైన కొమ్మ మీద పాట. ప్రపంచంలో గొప్పగా పాడే పక్షుల జాబితా ఎవరు రాసినా ఈ కుటుంబం నుంచి రెండు మూడు పేర్లు అందులో ఉంటాయి.

ఇందాక మీరు విన్నవి రంగు రంగుల త్రష్‌లు కావు. రెండింటికీ వీపు మీద మచ్చ లేదు, చార లేదు, సాదా గోధుమరంగు. కడుపు వైపు తెలుపు, ఆ తెలుపు మీద నెలవంకల ఆకారంలో నల్లటి పొలుసు గీతలు. పొడవు ఇరవై అయిదు సెంటీమీటర్ల చిల్లర. ఎగిరినప్పుడు రెక్క అడుగున నలుపూ తెలుపూ పట్టీలు మెరుస్తాయి, కానీ ఆ గుర్తు వాటి బంధువులన్నింటికీ ఉన్నదే. బైనాక్యులర్స్‌లో పది అడుగుల దూరం నుంచి చూసినా ఇది అదో, అది ఇదో తేల్చడం కష్టం.

1842లో డార్జిలింగ్ నుంచి వచ్చిన పక్షుల్ని చూసి దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టినవాడు ఎడ్వర్డ్ బ్లైత్. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియానికి క్యూరేటర్‌గా పనిచేసిన ఇంగ్లీషువాడు. ఈ పేరు తెలుగువాళ్ళకు కొత్త కాకూడదు. మన కలివికోడికి 1848లో శాస్త్రీయ నామం పెట్టిందీ ఆయనే. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న జెర్డాన్ దొర సేకరించిన పక్షిని చూసి పెట్టాడు. బ్లైత్‌కి అడవి కన్నా మ్యూజియం బల్ల ఎక్కువ పరిచయం. ఎవరో కొండల్లో కాల్చిన పిట్ట తోలు పత్తి కూరుకుని, కాలికి చీటీ కట్టుకుని ఆయన దగ్గరికి వచ్చేది. కొలిచేవాడు, పోల్చేవాడు, రాసేవాడు. ఆ పద్ధతిని ఇప్పుడు తక్కువ చేసి మాట్లాడటం తేలిక. నేను మాట్లాడను. ఆ రోజుల్లో అడవిలో పిట్టను పట్టగల కెమెరా లేదు, టేప్ రికార్డర్ లేదు. తుపాకీ ఒక్కటే పక్షిని బల్ల మీదికి తెచ్చే సాధనం. అయితే తుపాకీ తేలేనిది ఒకటుంది. గొంతు. తోలుకి పాట ఉండదు.

అలా ప్లెయిన్ బ్యాక్డ్ త్రష్ అనే ఒక్క పేరు కింద హిమాలయాల నుంచీ చైనా నుంచీ వచ్చిన తోళ్ళన్నీ సొరుగుల్లో చేరాయి. అక్కడక్కడా రంగులో తేడా గమనించి ఉపజాతి అన్నవాళ్ళు ఉన్నారు. అంతకు మించి ఎవరూ అడుగు వెయ్యలేదు. ఈ పిట్టలు చలికాలంలో పై కొండల నుంచి కిందికి దిగుతాయి. దిగాక పాట ఆపేస్తాయి. ఏది ఎక్కడ గూడు కట్టిందో, ఏది ఎలా పాడిందో ఆ కాలంలో సేకరించిన తోలు చెప్పలేదు.

ఇప్పుడు 2009కి రండి. మే, జూన్ నెలలు. చోటు పశ్చిమ అరుణాచల్ ప్రదేశ్. ఇద్దరు మనుషులు. ఒకరు పేర్ ఆల్‌స్ట్రామ్, స్వీడన్ దేశపు పక్షిశాస్త్రవేత్త. ఆసియా కొండల్లోని చిన్న చిన్న ఆకుపచ్చ వార్బ్లర్ల పాటల్ని విడదీసి, ఒకటనుకున్న జాతిని నాలుగైదుగా తేల్చిన మనిషి. అంటే చెవికి అలవాటు ముందే ఉంది. రెండోవారు శశాంక్ దళవి, మన దేశంలో పక్షుల వెంట తిరిగే యువతరంలో పేరున్నవాడు.

అక్కడి కొండ ఎక్కుతుంటే ముందు ఫర్ చెట్లు, రొడోడెండ్రాన్లు కలిసిన దట్టమైన అడవి వస్తుంది. ఇంకా పైకి పోతే చెట్టు పొట్టిదవుతుంది, తర్వాత పొదలవుతుంది, ఆ తర్వాత అదీ ఆగిపోతుంది. రాళ్ళు, గడ్డి, మంచు మాత్రమే మిగులుతాయి. చెట్ల అడవిలో వాళ్ళకు వినిపించిన సాదావీపు త్రష్ తియ్యగా పాడుతోంది. అదే కొండ మీద చెట్లు ఆగిపోయిన ఎత్తుకు వెళితే, అదే రూపంలో ఉన్న పిట్ట గరగరా గీరుతోంది. కంటికి తేడా దొరకలేదు. మొదట్లో వాళ్ళిద్దరికీ ఈ రెండు పిట్టల శరీరాల్లో అసలు తేడా ఉందో లేదో కూడా తెలియదు. చెవి మాత్రం మొండికేసింది.

ఇక్కడ ఇంకొకరైతే ఏం చేసేవారు? పాటలో వైవిధ్యం అని ఒక వాక్యం రాసుకుని దిగిపోయేవారు. వీళ్ళు అలా వదల్లేదు. పాటల రికార్డింగులు పోగుచేశారు. భారత్‌లోనూ చైనాలోనూ తిరిగారు. పాటల్ని ధ్వనిచిత్రాలుగా మార్చారు. అంటే గొంతు పైకి పోయిందా, కిందికి దిగిందా, ఎంతసేపు నిలిచింది అన్నది కాగితం మీద కంటికి కనిపించేలా చేయడం. రెండు రకాల పాటలు రెండు గుంపులుగా విడిపోయాయి, మధ్యలో అటూ ఇటూ కానివి లేవు.

అప్పుడు వెనక్కి, ఆ పాత సొరుగుల దగ్గరికి వెళ్ళారు. ఏడు దేశాల్లో పదిహేను మ్యూజియాల్లో ఉన్న తోళ్ళు పరీక్షించారు. ఈ పనిలో ముఖ్యమైన చెయ్యి పక్షిశాస్త్రవేత్త పమేలా రాస్ముసెన్‌ది. ఆమె గురించి ఒక పక్కదారి మాట చెప్పాలి. రిచర్డ్ మైనర్ట్జ్‌హాగెన్ అని బ్రిటిష్ సైన్యంలో కల్నల్ ఉండేవాడు, గొప్ప పక్షి సేకరణకర్తగా పేరు తెచ్చుకున్నాడు. ఆయన మ్యూజియంలో ఇతరులు సేకరించిన తోళ్ళు దొంగిలించి, చీటీలు మార్చి, తనవిగా చూపించాడని బయటపెట్టినవాళ్ళలో ఈమె ఒకరు. ఫారెస్ట్ ఔలెట్ అనే అడవి పైడికంటె చివరిసారి 1914లో దొరికిందని అందరూ ఆయన చీటీ చూసి నమ్మారు. ఆ చీటీ అబద్ధమని తేల్చి, దాన్ని పక్కన పెట్టి, నిజమైన పాత చీటీల్లో ఉన్న ఊళ్ళ వైపు వెళ్ళి వెతికారు. 1997లో మహారాష్ట్రలో ఆ పక్షి బతికే కనిపించింది. చీటీ చదవడం కూడా ఒక విద్య అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

సరే, త్రష్‌ల దగ్గరికి వద్దాం. తేడా ఉందని తెలిశాక వెతికితే శరీరంలోనూ తేడా దొరికింది. అడవి పిట్టకు ముక్కు కాస్త పొడవు. కాళ్ళు, తోక, రెక్క కాస్త పొట్టి. రంగులో ఎర్రటి ఛాయ. ఇవన్నీ మిల్లీమీటర్ల వ్యవహారం. స్కేలు పట్టి, పక్కపక్కన వరసలుగా పేర్చి చూస్తేగానీ దొరకవు. తర్వాత డీఎన్ఏ చూశారు. అక్కడ మిల్లీమీటర్ల సంగతి పోయింది. ఈ రెండు వంశాలూ విడిపోయి కొన్ని మిలియన్ల ఏళ్ళయిందని తేలింది. ఇంత కాలం విడిగా బతికిన రెండు వంశాలు వీపు రంగు మాత్రం మార్చుకోలేదు.

2016 జనవరిలో స్వీడన్, చైనా, అమెరికా, భారత్, రష్యా దేశాల వాళ్ళు కలిసి రాసిన పరిశోధన వెలువడింది. చెట్లు లేని ఎత్తుల్లో గూడు కట్టే పిట్టకు బ్లైత్ పెట్టిన పాత శాస్త్రీయ నామమే ఉండిపోయింది, వాడుకలో ఆల్పైన్ త్రష్. అడవి పిట్టకు అప్పటిదాకా పేరే లేదు, కొత్తగా పెట్టాలి. హిమాలయన్ ఫారెస్ట్ త్రష్ అన్నారు. శాస్త్రీయ నామం జూథెరా సలీమలీ. మన పక్షిశాస్త్రవేత్త సలీం అలీ గారి పేరు. దీనితోపాటు చైనాలోని సిచువాన్ అడవుల పిట్ట కూడా వేరే జాతిగా తేలింది. మరో మూడు పాత మ్యూజియం తోళ్ళ డీఎన్ఏ చూస్తే చైనాలో ఇంకో నాలుగోది ఉన్నట్టు కూడా కనిపించింది. అంటే ఒక్క పేరు కింద కనీసం మూడు, బహుశా నాలుగు.

కొత్త జాతి అనగానే ఎక్కడో చేరరాని లోయలో పదీ పరకా మిగిలిన పిట్ట అనుకుంటాం. ఇది అలాంటిది కాదు. సిక్కిం నుంచి తూర్పుగా చైనాలోని యునాన్ దాకా తగిన అడవి ఉన్నచోటల్లా ఉంది. వేసవిలో అక్కడికి వెళ్ళిన పక్షిప్రేమికులు ఎంతోమంది దీన్ని చూసి, పుస్తకంలో ఉన్న పేరు రాసుకుని వచ్చారు. తప్పు చూపుది కాదు. పుస్తకంలోనే లేనిదాన్ని ఎవరు మాత్రం ఎలా రాసుకుంటారు?

పశ్చిమ అరుణాచల్‌లో కొత్త పక్షి బయటపడటం ఇదే మొదలు కాదు. అక్కడి ఈగల్‌నెస్ట్ అడవుల్లో 2006లో బుగున్ లియోసిక్లా అనే పక్షిని రమణ ఆత్రేయ లోకానికి చెప్పారు. దాన్ని చంపకుండా, పట్టుకుని, రాలిన ఈకలూ ఫొటోలూ పాటలూ సాక్ష్యంగా పెట్టి వదిలేశారు. బుగున్ అక్కడి గిరిజనుల పేరు. పక్షిని కాల్చి తెస్తేగానీ జాతిగా ఒప్పుకోమనే పట్టుదల అప్పటికే సడలింది. నా మాటగా చెబుతున్నాను, బ్లైత్ బల్ల నుంచి ఇక్కడికి రావడం పక్షిశాస్త్రం నడిచిన అత్యంత మంచి దారి.

సలీం అలీ పేరు గురించి. ఆయన 1896లో పుట్టి 1987లో పోయారు. 1931, 32లలో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు, కాబట్టి తెలుగు నేల ఆయన కాలికి తెలిసినదే. ఆ తర్వాత సిక్కిం పక్షుల మీద 1962లో పుస్తకం రాశారు. 1977లో తూర్పు హిమాలయాల పక్షుల మీద ఇంకోటి. తన పేరు పెట్టబోయే పిట్ట తిరిగే కొండల మీదే ఆయన ఆ పుస్తకాలు రాశారు. అది మాత్రం అందులో మరో పేరు చాటున ఉండిపోయింది. నాకిది విడ్డూరంగా అనిపిస్తుంది, కాస్త ముచ్చటగా కూడా. ఇలాంటిదే ఇంకొకటి ఆయన పేరుతోనే జరిగింది. 1948లో తమిళనాడు కొండల్లో వేరొకరు సేకరించిన ఒక గబ్బిలాన్ని మామూలు పండ్లగబ్బిలం అనుకుని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ సేకరణలో పెట్టారు. థాయ్‌లాండ్ శాస్త్రవేత్త కిట్టీ థాంగ్‌లాంగ్యా ఆ సొరుగు తెరిచి, ఇది మామూలుది కాదని గుర్తుపట్టి, 1972లో సలీం అలీ పేరు పెట్టారు. రెండుసార్లూ ఆ పేరు సొరుగులో మరుగున ఉన్న ప్రాణికే దక్కింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పాటకు ఇంత పెత్తనం ఎందుకివ్వాలి?

పక్షి పాడేది మన గొంతుపెట్టె లాంటి దానితో కాదు. శ్వాసనాళం రెండుగా చీలి ఊపిరితిత్తుల వైపు వెళ్ళే చోట సిరింక్స్ అని ఒక అవయవం ఉంటుంది. రెండు కొమ్మలకూ వేర్వేరు కండరాలు, వేర్వేరు పొరలు. అందుకని ఒకే పక్షి ఒకేసారి రెండు స్వరాలు పలకగలదు. త్రష్‌లు ఈ విద్యలో సిద్ధహస్తులు. అమెరికాలో వుడ్ త్రష్ అనే పిట్ట తనలో తానే జుగల్బందీ పాడుతుందంటే అతిశయోక్తి కాదు.

ఈ విద్య తోటి పక్షులకు కబురు చెప్పడం కోసం. మగపక్షి తన హద్దు చాటుకోవడానికి పాడుతుంది, ఆడపక్షి తన జాతివాణ్ణి పోల్చుకోవడానికి వింటుంది. మనకు వీపులు ఒకేలా కనిపిస్తే ఆ పిట్టకేం? అది మన కళ్ళతో సంబంధం కలుపుకోదు. ఆల్పైన్ త్రష్ ఆడపిట్ట అడవిలోని తియ్యటి పాటకు తిరిగి చూడకపోతే ఆ రెండు వంశాల మధ్య గోడ నిలిచినట్టే. అందుకే జాతుల తేడా రెక్కల మీద కన్నా పాటలో ముందు బయటపడటం తరచూ జరుగుతుంది.

చెవితో జాతుల్ని విడదీయడం కొత్త పద్ధతి కూడా కాదు. ఇంగ్లండ్‌లో సెల్‌బోర్న్ అనే పల్లెలో గిల్బర్ట్ వైట్ అనే మతాచార్యుడు ఉండేవాడు. 1768లో, ఏ పరికరమూ లేకుండా, ఒకేలా కనిపించే మూడు చిన్న పసుపుపచ్చ పిట్టల్ని పాటల్ని బట్టి మూడు జాతులుగా విడగొట్టాడు. ఈ రోజుకీ అవి మూడు జాతులే. ఆయన తర్వాత దాదాపు రెండు వందల ఏళ్ళు ఈ దారి సన్నగా ఉండిపోయింది. ఎందుకంటే పాటను పట్టి ఉంచే సాధనం లేదు. రెండో ప్రపంచయుద్ధం నాటికి బెల్ ల్యాబ్స్‌లో ధ్వనిని చిత్రంగా గీసే యంత్రం తయారైంది. 1950లలో కేంబ్రిడ్జ్‌లో థోర్ప్ అనే శాస్త్రవేత్త దాన్ని పక్షుల పాటకు వాడాడు. చాఫించ్ అనే పిట్ట పిల్లల్ని పెద్దల పాట వినకుండా పెంచితే అవి పాట సరిగా పాడలేవని చూపించాడు. అంటే పాట కొంత పుట్టుక, కొంత శిక్షణ.

ఇక్కడే ఒక అభ్యంతరం లేస్తుంది, అది మంచి అభ్యంతరం. పాట నేర్చుకునేదైతే ఒక లోయలో ఒక యాస, ఇంకో లోయలో ఇంకో యాస రావచ్చు కదా? నెల్లూరు తెలుగు, నిజామాబాద్ తెలుగు వినిపించే తేడాకు ఎవరైనా రెండు భాషలంటారా? అనరు. కొన్ని పక్షుల్లో నిజంగానే ఇలాంటి యాసలుంటాయి. అందుకే చెవి ఒక్కదాన్ని పట్టుకుని జాతులు పెంచుకుంటూ పోతే అది శాస్త్రం కాదు, సరదా. జాబితాలో అంకె పెరగాలని ఆత్రపడే పక్షిప్రేమికులు నాకు తెలుసు. ఈ రెండు త్రష్‌ల విషయంలో నాకు నచ్చింది ఏమిటంటే, పాట అనుమానం లేపింది, కొలతలు ఆ అనుమానానికి బలమిచ్చాయి, డీఎన్ఏ తీర్పు చెప్పింది. మూడూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకేచోట ఆగాయి. ఇంకా ముఖ్యం, ఇవి వేర్వేరు లోయల పిట్టలు కావు. ఒకే కొండ మీద ఒకదాని కిందే ఇంకోటి గూడు కట్టే పిట్టలు. యాస అయితే అంత దగ్గరలో కలిసిపోవాలి. కలవలేదు.

ఒకటి తియ్యగా, ఒకటి గరుగ్గా ఎందుకు పాడాలి అని అడగవచ్చు. 1975లో మోర్టన్ అనే శాస్త్రవేత్త పనామాలో చేసిన పని ఇక్కడ గుర్తొస్తుంది. దట్టమైన అడవిలో కొమ్మలు, ఆకులు ధ్వనిని చెదరగొడతాయి, ప్రతిధ్వనులు కలిసిపోతాయి. అలాంటి చోట నిదానంగా సాగే స్వచ్ఛమైన స్వరం ఎక్కువ దూరం చెక్కుచెదరకుండా పోతుంది. బయలులో ఆ ఇబ్బంది లేదు, వేగంగా గరుకుగా పాడినా చెల్లుతుంది. మన రెండు త్రష్‌ల నివాసాలు ఈ లెక్కకు చక్కగా సరిపోతాయి. సరిపోయిందే కారణమని నేను పందెం కట్టను గానీ, అడవి గొంతు, బయలు గొంతు అన్న భేదం వినేవారికి ఇట్టే తడుతుంది.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళకు ఇలాంటి జంట ఇంకా దగ్గరలో ఉంది. న్యూయార్క్, న్యూజెర్సీల నుంచి వారాంతాల్లో క్యాట్‌స్కిల్ కొండలకు వెళ్ళేవాళ్ళు చాలామంది. అక్కడ స్లైడ్ మౌంటెన్ మీద 1881లో యూజీన్ బిక్‌నెల్ అనే ఔత్సాహికుడికి ఒక త్రష్ దొరికింది. ఉత్తరాన కెనడా, అలాస్కాల్లో ఉండే గ్రే చీక్డ్ త్రష్‌కు ఇది ఉపజాతి అన్నారు. అలాగే వంద ఏళ్ళ పైచిలుకు గడిచింది. 1993లో ఆన్రీ ఉయెలే అనే కెనడా శాస్త్రవేత్త ఇవి వేర్వేరని వాదించాడు. 1995లో అమెరికా పక్షిశాస్త్రవేత్తల సంఘం బిక్‌నెల్స్ త్రష్‌ను వేరే జాతిగా ఒప్పుకుంది. అక్కడా పాట ఒక సాక్షి. వలస దారిలో మౌనంగా ఉన్నప్పుడు ఈ రెండింటినీ విడదీయలేక తలలు పండిన పక్షిశాస్త్రవేత్తలే చేతులెత్తేస్తారు.

ఒప్పుకోగానే ఏమైందో చూడండి. గ్రే చీక్డ్ త్రష్ ఖండమంతా విస్తరించిన పిట్ట, చలికాలానికి దక్షిణ అమెరికాకు వెళుతుంది. బిక్‌నెల్స్ త్రష్ మాత్రం ఈశాన్య అమెరికా, తూర్పు కెనడా కొండల కొసల్లో ఎదుగూబొదుగూ లేని ఫర్ చెట్ల మధ్య గూడు కడుతుంది. చలికాలంలో ఎక్కువ భాగం హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్న ఒక్క దీవి మీద ఆధారపడుతుంది. రెండింటినీ కలిపి లెక్కేసినన్నాళ్ళూ కంగారు పడాల్సింది కనిపించలేదు. విడదీశాక అక్కడి అడవులు ఎంత తరిగిపోయాయో, ఈ పిట్ట ఎంత ఇరుకున పడిందో కనిపించింది. కెనడా దీన్ని ముప్పులో ఉన్న జాతిగా నమోదు చేసింది. ఒక పేరు చట్టంలోకి ఎక్కడానికి ముందు పుస్తకంలోకి ఎక్కాలి.

మన తూర్పు కనుమలకు వద్దాం. బ్లాక్‌బర్డ్ అనే త్రష్ ఉంది. యూరప్ నుంచి చైనా దాకా ఒకే జాతి అని చాలాకాలం అన్నారు. ఇప్పుడు యూరప్‌ది, టిబెట్‌ది, చైనాది, మన దేశానిది నాలుగూ వేర్వేరు. మన దేశపు బ్లాక్‌బర్డ్‌లో తూర్పు కనుమలకంటూ ఒక ఉపజాతి ఉంది, 1932లో పేరు పెట్టారు. నీలగిరి బ్లాక్‌బర్డ్ పాటా, మన కొండల బ్లాక్‌బర్డ్ పాటా పక్కపక్కన పెట్టి వినాలంటే నీలగిరి రికార్డింగులు బోలెడు దొరుకుతాయి, మనవి చాలా తక్కువ. ఇది నాకు కొరతగానే కనిపిస్తుంది.

పాట విలువ ఏమిటో కలివికోడి మనకు నేర్పింది కూడా. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్న పక్షిని 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ కనుగొన్నారు. రాత్రి తిరిగే పిట్ట, ముళ్ళ పొదల్లో ఉండే పిట్ట, ఎక్కడెక్కడ ఉందో వెతకడం ఎలా? 2000 తర్వాత జగన్నాథన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు మెత్తటి మట్టి పట్టీలు వేసి పాదముద్రలు చూశారు, ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. దాని కూతను మొదటిసారి రికార్డు చేసి, ఆ కూతతోనే ఇతర చోట్ల ఉందేమో వెతికారు. కన్ను పనిచేయని చోట చెవే దిక్కయింది.

కాబట్టి శ్రోతలకు ఒక విన్నపం. మీలో చాలామంది చేతిలో ఫోను ఉంది. అది ఏ పక్షిశాస్త్రవేత్తకూ 1950లో లేని రికార్డింగ్ యంత్రం. వేసవి మొదట్లో, తొలకరి రోజుల్లో తెల్లవారుజామున పాపికొండలకో, మారేడుమిల్లికో, నల్లమలకో, హార్స్‌లీ హిల్స్‌కో, అనంతగిరికో వెళ్ళినప్పుడు ఒక పిట్ట పాట వింటే మాట్లాడకుండా ఒక్క నిమిషం రికార్డు చేయండి. చివర్లో మీ గొంతుతోనే ఊరి పేరు, తేదీ, సమయం చెప్పండి. పిట్ట ఏదో తెలియకపోయినా ఫరవాలేదు, చెప్పగలిగినవాళ్ళు తర్వాత చెబుతారు. జీనో కాంటో అనే ఉచిత వెబ్‌సైట్‌లోనో, ఈబర్డ్‌లోనో దాన్ని పెడితే ఎవరైనా ఎప్పుడైనా వినవచ్చు. ఒక్కటి మాత్రం చేయకండి. రికార్డు చేసిన పాటను గూడు కట్టే కాలంలో ఆ పిట్టకే మళ్ళీ మళ్ళీ వినిపించకండి. హద్దులోకి శత్రువు వచ్చాడనుకుని అది గూడునీ పిల్లల్నీ వదిలి ఆ లేని శత్రువు వెంట తిరుగుతుంది.